హెల్మెట్ కెమెరాకు నిషేధం వద్దు, ఒక పద్ధతి కావాలి

సంపాదకులకు నమస్కారం.

సైకిల్ తొక్కేవారు హెల్మెట్‌కు కెమెరా బిగించుకుని రోడ్డెక్కడం గురించి ఇటీవల మీ పాఠకుల లేఖల శీర్షికలో రెండు ఉత్తరాలు చదివాను. ఒకరు అదంతా రీల్స్ మోజు అని తీసిపారేశారు. మరొకరు వాటివల్ల హెల్మెట్ భద్రత దెబ్బతింటుందంటూ, కేరళలో మాదిరిగా మన దగ్గర కూడా వాటిని నిషేధించాలని కోరారు. నేను హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. లంగర్‌హౌజ్ నుంచి కళాశాలకు సైకిల్ మీదే వెళ్లివస్తాను. నా హెల్మెట్‌కూ కెమెరా ఉంది కాబట్టి ఈ విషయంలో నాకు పక్షపాతం ఉందని ఎవరైనా అంటే కాదనను. అయినా ఆ ఇద్దరు పాఠకులూ ప్రస్తావించని సంగతులు కొన్ని ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి నిషేధం గురించి తేల్చేయడం తొందరపాటు అవుతుందని ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా కేరళ మాట. అక్కడి మోటారు వాహనాల శాఖ 2022లో హెల్మెట్ మీద కెమెరాలు పెట్టుకోవడంపై చర్యలు ప్రకటించిన మాట నిజమే. వెయ్యి రూపాయల జరిమానా, లైసెన్సు సస్పెన్షన్ వంటివి అందులో ఉన్నాయి. అయితే అది మోటారు ద్విచక్ర వాహనాలు నడిపేవారికి సంబంధించినది. కాలితో తొక్కే సైకిల్ మోటారు వాహనాల చట్టం చెప్పే 'మోటారు వాహనం' పరిధిలోకి రాదు. సైకిల్ తొక్కేవారికి లైసెన్సూ లేదు, ఆ చట్టం కింద హెల్మెట్ నిబంధనా లేదు. లేని లైసెన్సును సస్పెండ్ చేయడం ఎలాగూ కుదరదు. హెల్మెట్ పెట్టుకోవడమే ఐచ్ఛికమైన చోట దాని మీద కెమెరాను నిషేధిస్తే, కొందరు కెమెరాతో పాటు హెల్మెట్‌ను కూడా ఇంట్లో వదిలి వస్తారేమోనని నా అనుమానం.

రీల్స్ మోజు అన్న మాటలో కొంత నిజం లేకపోలేదు. ఈ కెమెరాల పుట్టుకలోనే ఆ లక్షణం ఉంది. 1980ల చివర్లో అమెరికాలో కొండదారుల్లో సైకిల్ తొక్కేవారు బరువైన వీడియో కెమెరాను హెల్మెట్‌కు కట్టుకుని, రికార్డర్‌ను వీపు మీది సంచిలో మోసుకుంటూ తమ విన్యాసాలను చిత్రీకరించుకున్నారు. ఇలాంటి కెమెరాలు తయారుచేసే గోప్రో సంస్థను స్థాపించిన నిక్ వుడ్‌మన్ అలల మీద సర్ఫింగ్ చేస్తూ తన ఫొటోలు తానే తీసుకోవాలన్న కోరికతో ఆ ప్రయత్నం మొదలుపెట్టాడు. 2004లో వచ్చిన ఆయన తొలి కెమెరా మణికట్టుకు కట్టుకునే మామూలు ఫిల్మ్ కెమెరా. అంటే సాహసాన్ని పదిమందికీ చూపించుకోవడం కోసమే ఇవి వచ్చాయి. కానీ నగరంలో రోజూ సైకిల్ తొక్కేవారు వీటిని కొనడానికి కారణం వేరు. ఆ కారణం అర్థం కావాలంటే చట్టంలో ఒక నిబంధన గురించి చెప్పుకోవాలి.

సైకిల్ మీద వెళ్తున్న మనిషిని ఏదైనా వాహనం ఢీకొట్టి ఆగకుండా వెళ్లిపోయిందనుకుందాం. ఆ వాహనమేదో తెలియకపోతే, మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ కింద, 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న పథకం ప్రకారం, మృతుని కుటుంబానికి 2 లక్షల రూపాయలు, తీవ్రంగా గాయపడినవారికి 50 వేల రూపాయలు వస్తాయి. అంతకుముందు ఆ మొత్తాలు 25 వేలు, 12,500 రూపాయలుగా ఉండేవి కాబట్టి ఇది మెరుగే. అదే వాహనం నంబరు తెలిస్తే వ్యవహారం పూర్తిగా మారిపోతుంది. మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. మృతుని వయసు, సంపాదన, ఆయన మీద ఆధారపడినవారి సంఖ్య లెక్కలోకి తీసుకుని ట్రైబ్యునల్ పరిహారం నిర్ణయిస్తుంది. వాహనానికి బీమా ఉంటే ఆ సొమ్ము బీమా సంస్థ చెల్లిస్తుంది. నెలకు ఇరవై వేలు సంపాదించే ముప్ఫై అయిదేళ్ల మనిషి విషయంలో ఈ రెండింటి మధ్య తేడా లక్షల్లో ఉంటుంది. ఆ తేడా మొత్తం నంబరు ప్లేటు మీది పది అక్షరాలను ఎవరైనా చూశారా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో ఇలా ఢీకొట్టి పారిపోయిన ప్రమాదాలు 67 వేలకు పైగా జరిగాయి, వాటిలో 30 వేల మందికి పైగా చనిపోయారు. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద ఇసుక టిప్పరో నీళ్ల ట్యాంకరో తగిలించి వెళ్లిపోతే నంబరు చూసేందుకు అక్కడ ఇంకెవరూ ఉండరు.

కెమెరా కావాలనుకుంటే హ్యాండిల్ బార్‌కు ఒకటి, సీటు కింద ఒకటి పెట్టుకోవచ్చు కదా, తలకెందుకు అని అడగవచ్చు. నిజానికి నంబరు ప్లేటు కోసమే అయితే ఆ రెండు చోట్లూ చాలు, అవే మేలు కూడా. హెల్మెట్ మీది కెమెరా మరో పని చేస్తుంది. తల ఎటు తిరిగితే అటు చూస్తుంది కాబట్టి, తొక్కేవారు ఏం చూశారో, ఎప్పుడు చూశారో కూడా అందులో నమోదవుతుంది. మన రోడ్ల మీద సైకిల్‌కు ప్రమాదం జరిగితే మొదట వినబడే మాట 'చూసుకోకుండా అడ్డం వచ్చారు' అన్నదే. నాకూ ఆ మాట ఎదురైంది. నానల్‌నగర్ కూడలి దాటాక కుడివైపు సందులోకి తిరగడానికి వెనక్కి చూసి, చెయ్యి చాపి, కొంచెం కొంచెంగా రోడ్డు మధ్యకు వస్తున్నాను. ఖాళీ కూరగాయల క్రేట్లతో వస్తున్న ట్రాలీ ఆటో ఒకటి నా చాచిన చేతికి కుడివైపు నుంచి దూసుకెళ్లబోయి హ్యాండిల్‌ను కొట్టింది. నేను పడ్డాను. దెబ్బలు పెద్దవి కావు. ఆటో అతను దిగీ దిగగానే 'ఎన్కకు చూడకుండ ఒక్కసారే తిప్పిండ్రు మేడం' అన్నాడు. చుట్టూ చేరిన నలుగురూ తలలూపారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు, వాళ్లు చూసింది నేను పడిన తర్వాతే.

వీడియోలో ఉన్నది ఇది: చిత్రం ఎడమ నుంచి కుడికి తిరిగి వెనక రోడ్డును చూపుతుంది, ఆటో అప్పటికి ఒక బస్సు వెనక ఉంది. చిత్రం మళ్లీ ముందుకు వస్తుంది, కుడి అంచున నా చెయ్యి చాచి ఉంటుంది. చిత్రం రెండోసారి వెనక్కి తిరిగేసరికి ఆటో బస్సును దాటుకుని వస్తోంది, అతని ముఖం మాత్రం పక్కకు, ఒళ్లోని ఫోన్ వైపు ఉంది. సీటు కింది కెమెరా ఆటోను చూపించేదే గానీ, నేను రెండుసార్లు వెనక్కి చూశానన్న సంగతిని చూపించలేదు. హ్యాండిల్ మీది కెమెరా ఈ రెండింటినీ చూపించదు. హెల్మెట్ కెమెరాను నేను సమర్థించడానికి ఇదే ముఖ్య కారణం. దానికి మరో వైపు కూడా ఉంది. తొక్కేవారు వెనక్కి చూడకపోతే అది కూడా అంతే నిక్కచ్చిగా నమోదవుతుంది. కెమెరా పెట్టుకున్నాక నేను వెనక్కి చూడటం మరింత శ్రద్ధగా చేస్తున్నానంటే దానికి నా సుగుణం కంటే ఆ భయమే ఎక్కువ కారణం.

ఇక నిషేధం కోరిన పాఠకుడు లేవనెత్తిన ప్రశ్న, అంటే హెల్మెట్ భద్రత, ఇది కొట్టిపారేయదగినది కాదు. సైకిల్ హెల్మెట్ లోపల థర్మాకోల్ వంటి నురుగు పదార్థం ఉంటుంది. తల నేలను తాకినప్పుడు అది నలిగి, తల ఆగడానికి పట్టే సమయాన్ని కొద్దిగా పొడిగిస్తుంది. ఆ కొద్ది సమయం వల్లే మెదడు మీద పడే బలం తగ్గుతుంది. పైనున్న పలుచని నున్నని పెంకుకు మరో పని ఉంది. నేల మీద పడిన తల ఎక్కడా చిక్కుకోకుండా జారిపోవాలి. జారకుండా ఒకచోట పట్టుకుంటే శరీరం ముందుకు పోతూ ఉంటుంది, తల ఆగిపోతుంది, మెడ మెలితిరుగుతుంది. మెదడుకు సూటి దెబ్బ ఎంత హానికరమో ఈ మెలితిప్పు కూడా అంత హానికరం. నున్నని పెంకు మీద అయిదారు సెంటీమీటర్ల ఎత్తున, గట్టి ప్లాస్టిక్ కాడ మీద, 150 గ్రాముల కెమెరాను నిలబెట్టడమంటే ఆ పెంకు చేయవలసిన పనికి అడ్డం పడటమే. 300 గ్రాముల హెల్మెట్‌కు అది సగం బరువును అదనంగా చేర్చడం కూడా.

అమెరికాలో 1999 నుంచి అమల్లో ఉన్న సైకిల్ హెల్మెట్ ప్రమాణంలో దీని గురించి స్పష్టమైన నియమం ఒకటి ఉంది. హెల్మెట్ బయటి తలం నుంచి 7 మిల్లీమీటర్లకు మించి పొడుచుకు వచ్చిన భాగం ఏదైనా, దెబ్బ తగిలినప్పుడు ఊడిపోవాలి లేదా నలిగిపోవాలి. అదే ప్రమాణంలో హెల్మెట్‌ను 2 మీటర్ల ఎత్తు నుంచి చదునైన ఇనుప దిమ్మె మీద పడవేసి పరీక్షిస్తారు. అంటే నేలను తాకే వేళకు దాని వేగం గంటకు సుమారు 22 కిలోమీటర్లు. కానీ ఆ పరీక్ష కెమెరా లేని హెల్మెట్‌కు జరుగుతుంది. మనం తర్వాత బిగించుకునే కెమెరాతో కలిపి దాన్ని ఎవరూ పరీక్షించి ఇవ్వరు. హెల్మెట్ కంపెనీ తన పూచీ హెల్మెట్ వరకేనంటుంది, కెమెరా కంపెనీ తన పూచీ కెమెరా వరకేనంటుంది.

ఈ చర్చ వచ్చినప్పుడల్లా ఫార్ములా వన్ విజేత మైకేల్ షూమాకర్ పేరు వినబడుతుంది. 2013 డిసెంబరు 29న ఫ్రాన్స్‌లోని మెరిబెల్ దగ్గర మంచు మీద స్కీయింగ్ చేస్తూ పడిపోయి ఆయన తల రాతికి తగిలింది. హెల్మెట్ పగిలింది. దానికి బిగించిన కెమెరా వల్లే గాయం అంత తీవ్రమైందన్న ఊహాగానాలు చాలాకాలం సాగాయి గానీ, అది నిర్ధారణ కాలేదు. ఈ కథలో రెండో సగాన్ని మాత్రం ఎవరూ చెప్పరు. ఆ ప్రమాదం ఎలా జరిగిందో, ఆయన నిర్ణీత మార్గానికి ఎంత దూరంలో ఉన్నారో దర్యాప్తు అధికారులు తేల్చుకోవడానికి తోడ్పడింది కూడా ఆ కెమెరాలోని వీడియోయే.

కాబట్టి నా అభిప్రాయంలో పెట్టుకోవచ్చు, కానీ ఎలా పెట్టుకోవాలన్న పట్టింపు ఉండాలి. నడినెత్తిన కొమ్ములా నిలబెట్టడం అన్నిటికన్నా చెడ్డది. మన వీధుల్లో దానికి అదనపు కారణాలున్నాయి. తల ఎత్తున వేలాడే కేబుల్ టీవీ తీగలు, ఫ్లెక్సీలు కట్టిన తాళ్లు, రోడ్డు మీదికి వంగిన వేపకొమ్మలు, సంక్రాంతి రోజుల్లో మాంజా. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే నిషేధించినా జనవరిలో అది గాలిలో కనబడుతూనే ఉంటుంది. నున్నని హెల్మెట్ మీద జారిపోయే తీగ కెమెరా కాడకు చిక్కుకుంటే తొక్కేవారి మెడకు ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఇప్పుడు 35 గ్రాముల నుంచి దొరికే చిన్న కెమెరాలు ఉన్నాయి. వాటిని హెల్మెట్ పక్క భాగాన, పెంకుకు ఆనుకుని, గట్టిగా తగిలితే ఊడిపోయేలా అమర్చుకోవచ్చు. హెల్మెట్‌కు రంధ్రం చేసి బోల్టు వేయించుకున్నవారిని కూడా చూశాను. అది మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తగదు, ఆ హెల్మెట్ ఇక హెల్మెట్ కాదు.

ఈ కెమెరాల మీద అతి నమ్మకం కూడా మంచిది కాదు. కెమెరా ఉంది గనుక నంబరు దొరికినట్టేనని చాలామంది అనుకుంటారు. వీటి కటకాలు వెడల్పు దృశ్యం కోసం చేసినవి. 120 డిగ్రీల దృశ్యాన్ని అడ్డంగా 1,920 పిక్సెల్స్‌లో, అంటే అన్ని చుక్కల్లో, ఇరికిస్తే ఒక్కో డిగ్రీకి 16 పిక్సెల్స్ వస్తాయి. మోటార్ సైకిల్ వెనక నంబరు ప్లేటు వెడల్పు 200 మిల్లీమీటర్లు. అది పది మీటర్ల దూరంలో ఉంటే మొత్తం ప్లేటుకు దక్కేది దాదాపు 18 పిక్సెల్స్ మాత్రమే. అందులో అక్షరాలేవీ కనబడవు. అంతకంటే స్పష్టమైన ఫోర్‌కే వీడియో పెడితే ఆ చుక్కలు రెట్టింపు అవుతాయి, అయినా చాలవు. వాహనం మూడు నాలుగు మీటర్ల లోపు ఉన్నప్పుడే ఆశ. రాత్రివేళ అదీ కష్టం. ఇదే కటకం మరో తప్పుడు అభిప్రాయం కలిగిస్తుంది. మోచేతికి జానెడు దూరంలో పోయిన బస్సు కూడా వీడియోలో చాలా ఎడంగా పోయినట్టు కనబడుతుంది. 'ఇంత చోటుంటే ఎందుకు గోల' అని వీడియో చూసినవారు అనుకోవడం సహజం. పైగా ఎండాకాలం. ఈ కెమెరాలకు తయారీదారులు సాధారణంగా చెప్పే ఉష్ణోగ్రత పరిమితి 35 డిగ్రీలు. మే నెలలో మన సిగ్నళ్ల దగ్గర ఎండలో నిలబడితే అది వేడెక్కి దానంతటదే ఆగిపోతుంది.

అందుకే అనుభవం ఉన్నవారు ఒక చిన్న పని చేస్తారు. వాహనం నంబరు కంటికి కనబడగానే బిగ్గరగా చదువుతారు. చిత్రంలో ప్లేటు మసకగా ఉన్నా, మైకులో 'టీజీ సున్నా తొమ్మిది' అంటూ మన గొంతు ఆ క్షణంలోనే రికార్డవుతుంది. మనిషి కన్ను ఇప్పటికీ ఈ కటకం కన్నా మెరుగైనదే. దాని జ్ఞాపకం మాత్రం తక్కువ. ఈ రెండింటినీ కలిపి వాడుకోవడమే తెలివి.

అసలు సమస్య వీడియో తీసిన తర్వాత మొదలవుతుంది. ఆటో సంఘటన తర్వాత నేను వెళ్లిన ఠాణాలో నాతో మర్యాదగానే మాట్లాడారు. వీడియో ఉందన్నాను. 'వాట్సాప్ చెయ్యండి మేడం' అన్నారు. పంపాను. ఆ పంపినది సాక్ష్యంగా ఎందుకు బలహీనమో అక్కడ ఎవరికీ పట్టినట్టు లేదు. వాట్సాప్‌లో మామూలుగా వీడియో పంపితే అది కుదించబడుతుంది, ఫైలులోని తేదీ, కెమెరా వివరాలు పోతాయి. అసలు ఫైలుకూ దానికీ పోలిక ఉండదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు ప్రతిని కోర్టులో ఇవ్వాలంటే దానితో ధ్రువపత్రం ఉండాలి. అందులో ఆ ఫైలు హ్యాష్ విలువను రాయాలి. హ్యాష్ అంటే ఫైలులోని ప్రతి అంకె నుంచి లెక్కకట్టిన గుర్తింపు సంఖ్య. ఒక్క క్షణం వీడియో కత్తిరించినా అది పూర్తిగా మారిపోతుంది. పాత చట్టంలోని 65బి సెక్షన్ కింద కూడా ఇటువంటి ధ్రువపత్రం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020లో ఖోట్కర్ కేసులో తేల్చి చెప్పింది. రికార్డు చేసిన అసలు పరికరాన్నే సొంతదారు కోర్టులో సమర్పిస్తే ధ్రువపత్రం అక్కర్లేదని కూడా అదే తీర్పులో ఉంది. సైకిల్ తొక్కేవారికి దీని అర్థం సులువైనదే. ప్రమాదం జరిగిన రోజు మెమరీ కార్డును కెమెరాలోంచి తీసి పక్కన పెట్టేయాలి. దాని మీద మళ్లీ రికార్డు చేయకూడదు. చాలా కెమెరాల్లో కార్డు నిండగానే పాతది చెరిపి కొత్తది రాసే లూప్ పద్ధతి ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే మరునాటి ప్రయాణమే నిన్నటి సాక్ష్యాన్ని తుడిచేస్తుంది. బ్యాటరీ పూర్తిగా అయిపోయినప్పుడు కొన్ని కెమెరాల్లో గడియారం మొదటికి వస్తుంది. ఆ సంగతి చూసుకోకపోతే వీడియో మీద ఏళ్ల నాటి తేదీ పడుతుంది. అవతలి వకీలుకు అంతకంటే ఏం కావాలి?

బ్రిటన్‌లో ఈ విషయాన్ని వేరేగా ఆలోచించారు. 2016లో ఉత్తర వేల్స్ పోలీసులు 'ఆపరేషన్ స్నాప్' పేరుతో ఒక పద్ధతి మొదలుపెట్టారు. తర్వాత అది ఆ దేశంలోని అనేక పోలీసు విభాగాలకు పాకింది. కారు డ్యాష్‌బోర్డు కెమెరా అయినా, సైకిల్ హెల్మెట్ కెమెరా అయినా, తీసినవారు వీడియోను నేరుగా పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టి, అక్కడే సాక్షి వాంగ్మూలం నింపి, అవసరమైతే కోర్టుకు వస్తానని సంతకం చేస్తారు. అక్కడ ఉల్లంఘన జరిగిన 14 రోజుల్లోగా వాహన యజమానికి నోటీసు అందాలి కాబట్టి రోజుల వ్యవధిలోనే పంపమంటారు. అసలు ఘటనకు ముందూ వెనుకా కొంత భాగాన్ని కూడా కత్తిరించకుండా ఇవ్వమంటారు. తొక్కేవారే ముందు కవ్వించారా అన్నది తెలియాలి కదా. సినీ దర్శకుడు గై రిచీ కారు నడుపుతూ ఫోన్‌లో సందేశం పంపుతుండగా లండన్‌లో ఒక సైక్లిస్టు తీసిన వీడియో ఆధారంగా 2020లో కోర్టు ఆయనను ఆరు నెలలపాటు వాహనం నడపకుండా నిషేధించింది. దర్శకుడైనా, ట్రాలీ ఆటో డ్రైవరైనా ఒకే దారిలో శిక్ష పడే వీలు అక్కడ ఏర్పడింది. నాకు నచ్చిన సంగతి అదే.

మన దగ్గర పునాది లేదని అనలేం. తెలంగాణ పోలీసుల 'హాక్ ఐ' యాప్ వచ్చి పదేళ్లు దాటింది. పౌరులు ట్రాఫిక్ ఉల్లంఘనల ఫొటోలు, వీడియోలు అందులో పంపుతూనే ఉన్నారు. రాంగ్ రూట్, ముగ్గురు ఎక్కడం వంటి వాటికి అది పనికొస్తుంది. ఒక మనిషి ప్రాణానికి ముప్పు తెచ్చేలా వాహనం నడపడం, అంటే భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షన్ కిందికి వచ్చే ర్యాష్ డ్రైవింగ్, ఒక ఫొటోతో, చలానాతో తేలే వ్యవహారం కాదు. దానికి సాక్షి కావాలి, వాంగ్మూలం కావాలి, చెడిపోని ఫైలు కావాలి. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులను నేను కోరేది ఒక్కటే: అసలు ఫైలును కుదించకుండా స్వీకరించి, అందిన వెంటనే హ్యాష్ విలువతో రసీదు ఇచ్చి, 63వ సెక్షన్ ధ్రువపత్రం నమూనాను అక్కడే తెలుగులో నింపే వీలు కల్పించే ఒక పేజీని ఆ యాప్‌లోనే చేర్చండి. దీనికి కొత్త చట్టం అవసరం లేదు.

ఆడవాళ్ల విషయంలో ఈ అవసరం ఇంకా ఎక్కువ. ఉదయం అయిదున్నరకు గండిపేట రోడ్డు మీద ఒంటరిగా సైకిల్ తొక్కే అమ్మాయి పక్కనే బైకు నెమ్మదింపజేసి మాటలు విసిరేవారు ఉంటారని తెలియనివారెవరు? 2014 నుంచి మహిళల భద్రత కోసం పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి, ఫిర్యాదు చేస్తే స్పందన ఉంది. కానీ ఫిర్యాదులో రాయడానికి బైకు నంబరు, మాట్లాడిన మాట రెండూ ఉండాలి. నా దగ్గర చదివే అమ్మాయిల్లో ఇద్దరు ముగ్గురు కెమెరా పని చేయకపోయినా, దాని ఎర్ర దీపం వెలుగుతుంటే చాలు, అలాంటివారు దూరంగా పోతున్నారని చెప్పారు.

అయితే అదే ఎర్ర దీపం గురించి కెమెరా పెట్టుకున్నవారికి కూడా కొన్ని మాటలు చెప్పాలి. రోడ్డు అందరూ తిరిగే చోటు కాబట్టి ఎవరినైనా తీయవచ్చన్న వాదన పూర్తిగా సరి కాదు. 2017లో పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు చెప్పింది. వీధిలోకి వచ్చినంత మాత్రాన మనిషి దాన్ని ఇంట్లో వదిలి రాడు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే డేటాను మినహాయించింది. ప్రయాణమంతా తీసి పెట్టుకుని, ఏమీ జరగకపోతే సాయంత్రం చెరిపేయడం ఆ మినహాయింపు కిందికి వస్తుందనే అనుకుంటాను. కానీ బస్టాపులో నిలబడిన ఆడపిల్లల ముఖాలు, బడి గేటు దగ్గర పిల్లలు, వాకిట్లో ముగ్గు వేస్తున్న గృహిణి కనబడే వీడియోను లక్షమంది చూసే చానెల్‌లో పెట్టి ఆదాయం సంపాదించుకోవడాన్ని ఇంటి అవసరమని ఎలా అనగలం? ఇంకో రకం కూడా ఉంది. సిగ్నల్ దగ్గర ఆటో డ్రైవర్‌ను వెంటాడి, ముఖానికి దగ్గరగా తల పెట్టి, రెచ్చగొట్టి, అతని బూతులను రికార్డు చేసి, వైరల్ చేయడం. అతను చేసింది తప్పే కావచ్చు, దానికి చట్టంలో జరిమానా ఉంది. ఊరంతా అతని ముఖం చూపించి ఎగతాళి చేయడం ఏ చట్టంలోనూ లేని శిక్ష. పైగా ముందే నెట్‌లో పెట్టిన, కత్తిరించిన వీడియో కోర్టులో ఫిర్యాదీకే ఎదురు తిరుగుతుంది. రీల్స్ గురించి ఆ పాఠకుడు చూపిన చిరాకు ఇలాంటి వాటిని చూసి వచ్చిందైతే ఆయనతో నేను ఏకీభవిస్తాను.

మరొక సంగతి చెప్పకపోతే ఈ లేఖ ఒక వర్గం మాటగానే మిగులుతుంది. ముప్ఫై నలభై వేల కెమెరా పెట్టుకునేవారు దేశంలో సైకిల్ తొక్కేవారిలో చాలా కొద్దిమంది. ఏటా మన రోడ్ల మీద నాలుగు వేల మందికి పైగా సైకిల్ తొక్కేవారు చనిపోతున్నారు. వాళ్లలో చాలామంది రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చే వాచ్‌మన్, క్యాన్లు కట్టుకుని వెళ్లే పాల మనిషి, నిర్మాణ పనికి పోయే కూలీ వంటివాళ్లే. వాళ్ల తల మీద హెల్మెట్టే ఉండదు, కెమెరా సంగతి ఎక్కడిది? ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సౌర పైకప్పు సైకిల్ దారి వచ్చింది. సెలవు రోజున తొక్కడానికి అద్భుతంగా ఉంటుంది. కానీ వాచ్‌మన్ ఇల్లు, ఉద్యోగం ఆ దారి పక్కన ఉండవు. అతను మెహిదీపట్నం రోడ్డు మీదే బస్సుల మధ్య తొక్కాలి. కెమెరా స్థోమత ఉన్నవాళ్లం మన వీడియోలు మన గొడవలకే వాడుకుంటే సరిపోదు. దీపాలు వెలగని మలుపులు, తెల్లారేసరికి పూడ్చని కేబుల్ గుంతలు, రోజూ ఒకే వేళకు రాంగ్ రూట్‌లో దిగే టిప్పర్లు మన కార్డుల్లో తేదీ, సమయంతో సహా ఉన్నాయి. వాటిని నగరపాలక సంస్థకు, ట్రాఫిక్ పోలీసులకు వరసగా ఇస్తే కెమెరా లేని సైకిళ్లకు కూడా ఉపయోగం.

చివరగా ఒక విన్నపం మీ పత్రికకే. సైకిల్ తొక్కేవారు తీసిన ప్రమాద దృశ్యాలు మీ వెబ్‌సైట్‌లో అప్పుడప్పుడు కనబడుతున్నాయి. అలాంటిది మీకు అందినప్పుడు ప్రచురించే ముందు పంపినవారిని రెండు ప్రశ్నలు అడగండి: పోలీసు ఫిర్యాదు ఇచ్చారా, అసలు కార్డును భద్రపరిచారా? సంబంధం లేని మనుషుల ముఖాలు, పక్క వాహనాల నంబర్లు మసకబార్చి వేయండి. వీడియోతో పాటు, ఢీకొట్టి పారిపోయిన ప్రమాదాల్లో బాధితులకు రావలసిన పరిహారం వివరాలు, ట్రైబ్యునల్‌లో దరఖాస్తుకు ఆరు నెలల గడువు ఉందన్న సంగతి రెండు వాక్యాల్లో చేర్చండి. ఆ వీడియో చూసే వేలమందిలో ఇంటి మనిషిని అలా పోగొట్టుకుని, ఎక్కడికి వెళ్లాలో తెలియని కుటుంబం ఒకటైనా ఉండవచ్చు.

ఇట్లు,
భౌతికశాస్త్ర అధ్యాపకురాలు,
లంగర్‌హౌజ్, హైదరాబాద్